మేలట్టూరు భాగవతమేళ: నిలిచినదేమి, నిలుపవలసినదేమి

వారసత్వ పరిరక్షణ అనగానే సాధారణంగా మన దృష్టి గోపురాల మీదికి, కోటగోడల మీదికి పోతుంది. రాతికి కావలసిన రక్షణ ఒకటి, నోటిలో నిలిచిన మాటకు కావలసిన రక్షణ మరొకటి. ఈ రెండింటికీ ఒకే కొలత పెట్టినందువల్ల కలిగే చిక్కు తంజావూరు జిల్లాలోని మేలట్టూరులో స్పష్టంగా కనబడుతుంది. ఆ ఊరి భాగవతమేళను ఈ కోణంలో పరిశీలించవలసి ఉన్నదని మేము భావిస్తున్నాము.

తంజావూరు నాయకరాజులలో అచ్యుతప్ప నాయకుడు బ్రాహ్మణ కుటుంబాలకు ఇచ్చిన అగ్రహారంగా ఈ ఊరు ప్రసిద్ధం. అచ్యుతపురమనే పేరు అందువల్ల వచ్చినదే. తర్వాతి మరాఠా రాజుల కాలంలో మేలట్టూరు వెంకటరామశాస్త్రి ఇక్కడ తెలుగులో యక్షగాన నాటకాలు రచించాడు. ప్రహ్లాద చరిత్రము, ఉషాపరిణయము, హరిశ్చంద్ర, మార్కండేయ, రుక్మాంగద వాటిలో కొన్ని. రాజ్యమేలినవారు మారినా, చుట్టూ తమిళమే వాడుకభాష అయినా, నాటకభాష మాత్రం తెలుగుగానే మిగిలింది. నేటికీ నృసింహ జయంతి నాడు వరదరాజ పెరుమాళ్ సన్నిధిలో ప్రహ్లాద చరిత్రము తెల్లవార్లూ ఆడుతారు.

ఈ నిలకడకు కారణం ఊరివారే. 20వ శతాబ్ది తొలి భాగంలో సన్నగిల్లిన ప్రదర్శనను 1930లలో వారే మళ్ళీ నిలబెట్టారు. ఇ. కృష్ణయ్యర్ వంటి కళాభిమానులు దానిని బయటి ప్రపంచానికి తెలియజేశారు. నటులలో పలువురు వృత్తి కళాకారులు కారు. పొరుగూళ్ళలో ఉద్యోగాలు చేసుకొంటూ ఉత్సవానికి ఊరు చేరుతారు. స్త్రీపాత్రలను పురుషులే ధరిస్తారు. నరసింహస్వామి ముఖానికి గుడిలో పూజ జరుగుతుంది. దానిని ధరించేవారు ఉపవాసముంటారు. ఊరిలో రెండు బృందాలు ఏర్పడినా ఆట ఆగలేదు. వారి దృష్టిలో ఇది కళాప్రదర్శన కాదు, మొక్కుబడి. భక్తి ఉన్నది గనుకనే ఆట బ్రతికింది. ఇది ఒప్పుకొనకుండా చేసే విమర్శ అన్యాయమవుతుంది.

కూచిపూడితో పోల్చితే ఈ విశేషం మరింత తేటపడుతుంది. కూచిపూడి కళాకారులు ఊరు దాటి, నగర వేదికలెక్కి, ఏకపాత్ర నృత్యానికి ప్రాధాన్యమిచ్చి దేశదేశాలా వ్యాపించారు. రుక్మిణీదేవి మేలట్టూరు నాటకాలను కూడా కళాక్షేత్ర వేదికకు తెచ్చారు. అయినా మేలట్టూరు మేళ మాత్రం తన రాత్రిని, తన గుడిని వదలలేదు. వ్యాప్తి తక్కువే కాని, వేరు తెగలేదు.

ఇక కొరత ఎక్కడున్నది? అక్షరంలో ఉన్నది. నేటి నటులలో ఎక్కువమంది ఇంటి భాష తమిళం. పాత్రల మాటలను తమిళ లిపిలో వ్రాసుకొని కంఠస్థం చేస్తారు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం. కుడి అన్నా గుడి అన్నా వ్రాత ఒకటే. కాలికీ గాలికీ, పాటకూ బాటకూ తొలి అక్షరంలో భేదం కనబడదు. సంగీత గ్రంథాలలో అక్షరం పక్కన చిన్న అంకెలు వేసి ఈ భేదాన్ని చూపుతారు. చేతివ్రాత ప్రతిలో ఆ అంకె జారిపోతే అర్థమూ దానితో జారిపోతుంది. గురువు నోట విన్న ఉచ్చారణే అప్పుడు దిక్కు. ఆ గురుపరంపరలో ఒక్క తరం సడలినా, తప్పేదో ఒప్పేదో చెప్పగల సాక్షి ఉండడు. మేళానికి వేదిక ఏర్పాటు చేసేవారూ, దుస్తులు కుట్టించేవారూ, విరాళాలు కూర్చేవారూ ఉన్నారు. పాఠానికి కూడా అంత శ్రద్ధ దక్కాలని మా అభిప్రాయం.

అయితే ఇక్కడ మరొక ప్రమాదం పొంచి ఉన్నది. తెలుగుదేశం నుండి వెళ్ళిన చదువరులు కొందరు అక్కడి ఉచ్చారణ విని నవ్వుతారు, లేదా అక్కడికక్కడే దిద్దబోతారు. ఇది భాషాశాస్త్రం ఒప్పే పని కాదు. దక్షిణాది తెలుగులో ‘చేసినాడు’, ‘వచ్చినాడు’ వంటి రూపాలు నేటికీ వాడుకలో ఉన్నాయి. ‘చేశాడు’, ‘వచ్చాడు’ అలవాటైన కోస్తా చెవికి అవి మోటుగా తోచవచ్చు. అంతమాత్రాన అవి తప్పులు కావు. వ్రాతలో జారిన అక్షరం వేరు, ప్రాంతం నిలుపుకొన్న రూపం వేరు. రెండింటినీ ఒకే కలంతో కొట్టివేస్తే పరిరక్షణ పేరిట నష్టమే జరుగుతుంది. తంజావూరు తెలుగును విజయవాడ తెలుగుగా మార్చి అప్పగిస్తే, ఆ ఊరివారు ఇన్ని తరాలు మోసినది వారిది కాకుండా పోతుంది.

కాబట్టి దిద్దుబాటు కంటె ముందు జరగవలసినవి మూడు పనులు. మొదటిది, పెద్దలు పాడినట్లుగా, చెప్పినట్లుగా ప్రతి దరువునూ, ప్రతి వచనాన్నీ ధ్వనిముద్రణ చేయడం. రెండవది, తాళపత్ర ప్రతులను, తమిళ లిపిలోని నటుల ప్రతులను పక్కపక్కన పెట్టి పాఠభేదాలను గుర్తించడం. మూడవది, తెలుగు మూలాన్ని, భేదసూచన గల తమిళ లిపిని, తమిళంలో అర్థాన్ని ఎదురెదురుగా అచ్చువేసి ఆ ఊరి పిల్లల చేతికే ఇవ్వడం. ఆడే మాటకు అర్థం తెలిస్తే నటుని చూపు మారుతుంది, అభినయం మారుతుంది.

ఈ పనికి అర్హులెవరు? తెలుగు మాత్రమే తెలిసిన పండితుడు తమిళ ప్రతిని చదవలేడు. తమిళం మాత్రమే తెలిసినవాడు జారిన అక్షరాన్ని పట్టలేడు. ఇంట ఒక భాష, బడిలో ఒక భాష నేర్చి, రెండు లిపులూ చదవగల మన విద్యార్థులే ఇందుకు తగినవారు. తెలుగు నేలకు దూరంగా పెరగడం మనలో చాలామంది లోటుగా తలుస్తారు. మేలట్టూరు ప్రతుల ముందు కూర్చున్ననాడు ఆ లోటే అర్హత అవుతుంది. ఊరివారు తమ పాలు నెరవేర్చారు. మన పాలు మిగిలి ఉన్నది.