రాయబారఘట్టము : పునర్దర్శన విచారము

శ్రీకృష్ణ రాయబారము తెలుగువారికి క్రొత్త కథ కాదు. సంధి పొసగదనియు, శ్రీకృష్ణుడు రిక్తహస్తములతో ఉపప్లావ్యమునకు మరలుననియు, పిమ్మట పదునెనిమిది దినములు యుద్ధము జరుగుననియు బాలురు సయిత మెఱుగుదురు. ఐనను ఆ ఘట్టము రంగమెక్కిన నాడు జనులు తెల్లవాఱువఱకు కదలక కూర్చుందురు. దూరదర్శనమున వచ్చిన నాడు పనులు మాని చేరుదురు. ఫలము ముందుగనే తెలిసిన కథను పలుమాఱులు చూచుటయందు ప్రయోజన మేమి? ఇది విచారింపదగిన ప్రశ్న.

తిరుపతి చిత్తూరు సీమలో ఈ పునర్దర్శనము ఒక ఆచారమే. ధర్మరాజస్వామి కోవెలలు గల గ్రామములందు భారతోత్సవము నడచును. పగలు హరికథ, రాత్రి వీథినాటకము. నడుమ అర్జునుడు తపస్సుమాను ఎక్కుట. తుదిని మట్టితో పోసిన దుర్యోధనుని మహావిగ్రహముకడ వధాఘట్టము. ఆ పిమ్మట అగ్నిగుండము. పుత్తూరువంటి చోట్ల ఈ తిరునాళ్లు ప్రసిద్ధములు. గూడూరు కాట్పాడి మార్గమును, మదరాసునుండి కడప గుంతకల్లులకు పోవు మార్గమును కలియు రేణిగుంటవంటి రైలుకూడలిలో నానాదిక్కులవారు కాపురముందురు. అట్టి యూళ్లలో వీథిభారతము, పద్యనాటకము, చలనచిత్రము, దూరదర్శన ధారావాహిక అను నాలుగు రూపములను చూచిన ప్రేక్షకుడు అరుదు కాడు. ఒకే కథను నాలుగు తెఱగుల నెఱిగినవానికి పోల్చిచూచుట సహజము. అందుచే మిత్రులు నలుగురు కూడినచోట రాయబారము చర్చకు వచ్చుటలో వింత లేదు.

దూరదర్శనమున ఈ కథకు కలిగిన ప్రచారము అసామాన్యము. బి. ఆర్. చోప్రా సంస్థ నిర్మించిన హిందీ మహాభారతము 1988 అక్టోబరు 2 మొదలు 1990 జూన్ 24 వఱకు తొంబదినాలుగు భాగములుగ ప్రసారమయ్యెను. దాని సంభాషణలు రాహీ మాసూమ్ రజా కూర్చినవి. హిందీ రాని తెలుగిండ్లయందును కథ ముందే తెలిసియుండుటచే భాష అడ్డు కాలేదు. మరల 2020 మార్చి 28 నుండి, కరోనావ్యాధిచే దేశమెల్ల ఇండ్లకు పరిమితమైన దినములలో, దూరదర్శనము వారు దానిని పునఃప్రసార మొనర్చిరి. మొదటి ప్రసారమును బాల్యమున చూచినవారు ఇపుడు సంసారులై, ఉద్యోగులై, తమ బిడ్డలతో కూర్చుండి చూచిరి. నాడు చక్రమును, విశ్వరూపమును చూచి మురిసిన కన్నులే నేడు ధృతరాష్ట్రుని ముఖమును పరికించినవి. కృతి మాఱలేదు, ద్రష్ట మాఱెను. పునర్దర్శనము యొక్క మొదటి ప్రయోజన మిదియే.

ఇట్టి మిత్రగోష్ఠులందు సామాన్యముగ వినవచ్చు వాదములు మూడు. శ్రీకృష్ణునకు సంధి యిష్టము కాదు, రాయబారము లోకమును మెప్పించుటకు నడపిన నటన యనుట మొదటిది. ఆయన సంధినే కోరెను, దుర్యోధనుని దురాగ్రహమే దానిని చెఱచెననుట రెండవది. దుర్యోధనుడు అభిమానధనుడు, శత్రువునకు భూమి యీకుండుట రాజధర్మమే యనుట మూడవది. ఈ మూటిని మూలముతో సరిచూచుట యుక్తము.

మొదటి వాదమునకు ఆధారము లేకపోలేదు. ప్రయాణమునకు ముందు భీముడు సయితము శాంతమునే పలుకగా శ్రీకృష్ణుడు పరిహసించును. సహదేవుడును సాత్యకియు యుద్ధమే కోరుదురు. ద్రౌపది తన కురులు చేతబట్టి, శత్రువులు సంధి కోరునపుడు వీనిని తలచుకొనుమని వేడును. శ్రీకృష్ణుడు ఆమెను ఓదార్చుచు, కౌరవస్త్రీలు విలపింపగలరని మాటయిచ్చును. మాట యిచ్చినవాడు సంధికొఱకు పోవుట యెట్లని ఆక్షేపకులు అడుగుదురు. ప్రశ్న బలమైనదే.

కాని హస్తినాపురమున విదురునితో ఆయన పలికిన పలుకులు మఱియొక తెఱగున నున్నవి. ధర్మకార్యమునకై శక్తికొలది యత్నించినవాడు ఫలము పొందకపోయినను పుణ్యము పొందుననియు, సమర్థుడై యుండియు కృష్ణుడు కలహమును వారింపలేదని లోకము అనకుండుటకును వచ్చితిననియు ఆయన తాత్పర్యము. ఫలముపై ఆశ లేకుండుట వేఱు, యత్నమునందు చిత్తశుద్ధి లేకుండుట వేఱు. రోగి బ్రదుకడని తోచినను వైద్యుడు మందిచ్చుట మానడు; ఆ మందును నటన యనువాడు లేడు. మొదటి వాదము ఈ రెంటిని ఒకటిగ కలిపివేయుచున్నది.

రెండవ వాదము మంచిదే గాని అసమగ్రము. దోషమంతయు దుర్యోధనునిపై మోపినచో సభలోని తక్కినవారు చిత్రపటములై నిలుతురు. మూలమున శ్రీకృష్ణుని ప్రథమోపన్యాసము దుర్యోధనుని ఉద్దేశించినది కాదు, ధృతరాష్ట్రుని ఉద్దేశించినది. పరశురాముడు, కణ్వుడు, నారదుడు పూర్వకథలు చెప్పి బోధింతురు. గాంధారిని సభకు రావించి ఆమెచే చెప్పింతురు. తుదకు శ్రీకృష్ణుడు సభాసదులతో కఠినమైన మాట యొకటి పలుకును: దుర్యోధనుని, కర్ణుని, శకునిని, దుశ్శాసనుని బంధించి పాండవుల కప్పగింపుడు; కులముకొఱకు ఒకని విడుచుట ధర్మము; యాదవులు కంసుని విడిచి కులమును కాచుకొనిరి గదా అని. ఈ మాటలోనే రాయబారము యొక్క కీలకమున్నది. దుర్యోధనుడు మాఱడని శ్రీకృష్ణు డెఱుగును, మాఱవలసినది సభ. అది మాఱుటకు అవకాశమును ఉండెను. భీష్మద్రోణులు ఒక్కమాట నిశ్చయించి నిలచినచో యుద్ధము తప్పెడిది. వారు హితము చెప్పిరి గాని చెప్పిన దానికి కట్టుబడి నిలువలేదు. కావున శ్రీకృష్ణునకు చిత్తశుద్ధి యుండెనా యను ప్రశ్నకంటె, సభకు చిత్తశుద్ధి యుండెనా యను ప్రశ్న గురుతరము.

ఈ మర్మమును తిక్కన సోమయాజి తెలుగున నిలుపుటలో ఆశ్చర్యము లేదు. ఆయన నెల్లూరి మనుమసిద్ధి కొలువున మంత్రి. సింహాసనభ్రష్టుడైన ప్రభువునకై ఓరుగంటికేగి గణపతిదేవుని సాయము వేడెనని ప్రతీతి. రాజసభలో మాట యెంత తూచి పలుకవలయునో తెలిసినవాని చేతిలో ఉద్యోగపర్వము పడుట తెలుగువారి భాగ్యము. తిక్కన పాత్రలు ఒక వాక్యమును ఎదుటివాని ముఖము చూచి పలుకుదురు. ఆ వాక్యము పడిన వెనుక సభ ఎట్లు కదలెనో పఠితకు తోచుచుండును.

ఇక రూపాంతరముల గుణదోషములు. దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) అను జంటకవుల పాండవోద్యోగ విజయములు ఈ కథను పండితుల పీఠములనుండి పామరుల నాలుకలకు చేర్చినవి. అక్షరజ్ఞానము లేనివాడును రాయబారపద్యములు పాడగలుగుట ఏ సాహిత్యమునకైన గర్వకారణము. కాని రంగస్థలమున రాగాలాపము పెరిగినకొలది ఒక హాని కలిగినది. ప్రేక్షకుడు వన్స్‌మోర్ అని కేకవేయుట సంధి వేడు పద్యముకంటె యుద్ధమును హెచ్చరించు పద్యమునకు తఱచు. హెచ్చరిక విజయఘోషగ మాఱును; రాయబారి ముందే జయించిన వీరుడుగ కనబడును. నటన యను మొదటి వాదము పుట్టుటకు మూలముకంటె ఈ రంగసంప్రదాయమే ఎక్కువ కారణమని చెప్పవచ్చును. ఇది కవుల దోషము కాదు. పద్యమునకు చెవి యొగ్గి ప్రసంగమును మఱచిన శ్రోతల దోషము.

దూరదర్శన భారతమునకు గల బలము వేఱు. రంగముపై పాడువాడే కనబడును; వినువారు మసకలో నుందురు. ఛాయాగ్రాహక యంత్రము వినువాని ముఖమును ఎదుటికి తెచ్చును. భీష్ముని అధోముఖము, విదురుని వేదన, ధృతరాష్ట్రుని తడబాటు మాటలేకయే పలుకును. సభ యొక్క మౌనమునకు ఇంతటి ప్రత్యక్షత పద్యనాటకమున దుర్లభము. కాని దానికిని కొఱతయున్నది. కాలపురుషుడే సూత్రధారుడై కథనడుమ వచ్చి ధర్మనిర్ణయము చేయుచుండును. జరుగబోవునది ముందే యెఱిగిన కాలుడు తీర్పు చెప్పినచో సభకు వేఱొక దారి యుండెనను స్ఫురణ సన్నగిలును. ప్రేక్షకుడు చేయవలసిన ఆలోచనను అశరీరవాణి చేసివేయును.

మూడవ వాదమునకు ఊపిరిపోసినది 1977 జనవరి 14న విడుదలైన దానవీరశూరకర్ణ. నందమూరి తారకరామారావు తానే నిర్మించి, దర్శకత్వము వహించి, కృష్ణుడు, దుర్యోధనుడు, కర్ణుడు అను మూడు పాత్రలు ధరించెను. సంభాషణలు కొండవీటి వేంకటకవివి. అందు సుయోధనుని వాక్పటిమ ప్రేక్షకుల నెంతగ లోగొన్నదనగా, నేటికిని ఆ సంభాషణలను కంఠస్థముగ ఒప్పగించువారు కలరు. ఆ నటుడే 1982 మార్చిలో రాజకీయపక్షమును స్థాపించి, 1983 ఎన్నికలలో గుడివాడతోపాటు తిరుపతినుండియు శాసనసభకు గెలిచి ముఖ్యమంత్రియగుటచే ఈ సీమవారికి ఆ చిత్రము పౌరాణికము మాత్రమే కాక రాజకీయస్మృతియు నైనది. ప్రతినాయకునకు తన పక్షము చెప్పుకొను అవకాశమిచ్చుట ఉత్తమనాటక లక్షణమే. కాని వాక్కు మధురమైనంత మాత్రమున వాదము ధర్మ్యము కాదు. మూలమున ధర్మరాజు సంజయునిద్వారా కోరినవి అయిదు గ్రామములే. అవిస్థలము, వృకస్థలము, మాకంది, వారణావతము, ఇష్టమైన మఱియొకటి. సూదిమొన మోపునంత నేలయు ఈయననుట అభిమానమో లోభమో చెప్పుటకు ఈ లెక్క చాలును. ప్రథమదర్శనమున కంఠస్వరము గెలుచును. పలుమాఱులు చూచినపిమ్మట లెక్క గెలువవలయును. గెలువనిచో చూచుట యలవాటే యైనది గాని విమర్శ కాలేదు.

కావున పునర్దర్శనమునకు మూడు మెట్లు కలవు. ఏమి జరుగునని చూచుట మొదటిది. ఎవరు పలికిరి, ఎట్లు పలికిరి యని చూచుట రెండవది. ఎవరు పలుకక యుండిరి, ఏల యుండిరి యని చూచుట మూడవది. తెలుగుదేశమున రెండవ మెట్టువఱకు నడిపించిన కృతులు సమృద్ధిగ నున్నవి; మూడవ మెట్టునకు ప్రేక్షకుడు తన చర్చచేతనే ఎక్కవలయును. మిత్రగోష్ఠి విలువ యిక్కడ బయలుపడును. ఒంటిగ చూచువాడు తన కిష్టుడైన నటుని పక్షమున నిలుచును. నలుగురితో చూచువానికి ఎదుటి పక్షమునకు సమాధానము చెప్పుకొనక తప్పదు. రాయబారమును గుఱించి వాదించువారు తమకు తెలియకయే ఒక సభను ఏర్పఱచుకొందురు. ఆ సభలో మౌనము చెల్లదు.

పాఠశాలలందు ఉద్యోగపర్వమును బోధించు పండితులు ఈ లోకానుభవమును త్రోసిపుచ్చక వాడుకొనుట మేలు. విద్యార్థి తాను చూచిన రాయబారమును తిక్కన రాయబారముతో పోల్చి, ఏ పలుకు రంగమున విడువబడినదో, ఏ మౌనము తెఱపై కనబడినదో గుర్తించిననాడు పద్యము కంఠస్థము మాత్రమే కాక బుద్ధిస్థమగును. సభయందు హితము తెలిసియు దానికై నిలువనివారిది కూడ కర్తృత్వమే యని ఆ ఘట్టము బోధించుచున్నది. ఆ బోధ అందనంతకాలము రాయబారము మఱి యెన్ని రూపములు దాల్చినను, ఎన్నిమాఱులు ప్రసారమైనను, చెవికి విందుగనే నిలిచిపోవును.