జంటకుండల తేనె

మెక్సికో అంటే ఎండ, ఇసుక, నాగజెముడు అనుకునేవాళ్లకు క్వెట్‌సాలాన్ ఊరు చూపించాలి. పువెబ్లా రాష్ట్రం ఉత్తరాన, సియెర్రా నోర్తె కొండల్లో సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంటుంది. మెక్సికో గల్ఫ్ మీంచి వచ్చే తేమగాలి ఈ కొండలకు తగిలి మబ్బవుతుంది, వానవుతుంది. ఇక్కడ రాళ్లు పరిచిన వీధులు తడారడం అరుదు. గోడకు నాచు, చెట్టుకు బదనికలు, ఇంటి వెనక కాఫీ తోట. పువెబ్లా నగరం నుంచి బస్సులో మూడు నాలుగు గంటలు మలుపులు తిరిగితే గానీ ఊరు రాదు.

వచ్చినవాళ్లు ఆదివారం సంత చూస్తారు. చర్చి ముందు ఎత్తైన స్తంభం మీంచి నడుముకు తాళ్లు కట్టుకుని గిరగిరా తిరుగుతూ దిగే వోలదోర్‌లను చూస్తారు. 2009లో యునెస్కో గుర్తింపు పొందిన విన్యాసమది, చూడదగ్గదే. నన్నడిగితే ఇంతకన్నా గొప్ప నేర్పు ఇక్కడి నహువా ఆదివాసీ రైతుల ఇళ్ల చూరు కింద ఉంది.

అక్కడ మట్టికుండలు జతలు జతలుగా పేర్చి ఉంటాయి. రెండు కుండల్ని మూతికి మూతి ఆనించి, అతుకు చుట్టూ బూడిద కలిపిన మట్టిముద్ద మెత్తుతారు. లోపల ఉండేది స్కాప్టోట్రైగోనా మెక్సికానా అనే చిన్న తేనెటీగ. ఈగల రాకపోకలకు ఒక సన్నటి బెజ్జం ఉంటుంది. దాని చుట్టూ అవే మైనంతో బూరలాంటి గొట్టం కట్టుకుంటాయి, అంచున కాపలా ఈగలు నిలబడతాయి. వీటికి కొండి ఉన్నా కుట్టడానికి పనికిరాదు. అలాగని సాధుజీవులేం కావు. గూడు కదిపితే గుంపుగా వచ్చి జుట్టులో దూరి కొరుకుతాయి.

మైనానికి చెట్టు జిగురు కలిపి ఇవి గూడు కడతాయి. పిల్లల అరలు పొరలు పొరలుగా అడ్డంగా పేరుస్తాయి. తేనె, పుప్పొడి మాత్రం విడిగా చిన్న చిన్న బుడ్లలో దాస్తాయి. అందుకే ఇక్కడ పట్టును చట్రంలో బిగించి యంత్రంలో తిప్పడం కుదరదు. ఎండ కాసే ఏప్రిల్, మే నెలల్లో రైతు అతుకు కోసి కుండలు విడదీస్తాడు. పిల్లలున్న వైపు ముట్టుకోడు. రెండోవైపు బుడ్లను పుల్లతో పొడిచి, కుండ వంచి, కారిన తేనెను జల్లెడ పడతాడు. అసలు జాగ్రత్త ఆ తర్వాతే. తెగిన బుడ్ల వాసనకు ఫోరిడ్ అనే చిన్న దోమలాంటి ఈగ వచ్చి గుడ్లు పెట్టిందంటే గూడు మొత్తం పురుగు పడుతుంది. అందుకే కారినదంతా తుడిచి, కుండలు మళ్లీ జతచేసి సందు లేకుండా మెత్తేస్తాడు.

గూళ్లు పెంచుకోవాలన్నా ఈ జంటే ఆధారం. రెండు కుండల్ని వేరుచేసి, రెండింటిలోనూ పిల్లల అరలు ఉండేలా సర్ది, చెరో ఖాళీ కుండ జతచేస్తారు. ముసలి రాణి ఒంటి బరువుకు ఎగరలేదు, ఉన్నచోటే ఉంటుంది. రెండో సగం కొత్త రాణిని తయారుచేసుకుంటుంది. పెట్టె, పొగ అక్కర్లేని పద్ధతి. యూరప్ తేనెటీగలు ఈ ఖండానికి రాకముందు నుంచీ ఇక్కడివాళ్లు కుట్టని ఈగలను సాకుతున్నారు. యుకతాన్‌లో మాయాలు ఇదే పని తొలిచిన దుంగల్లో చేస్తారు.

దిగుబడి చూస్తే నవ్వొస్తుంది. ఏడాదికి జంటకు రెండు మూడు లీటర్లు వస్తే గొప్ప. యూరప్ ఈగల పెట్టె పది రెట్లు సులువుగా ఇస్తుంది. అయినా వీటిని వదులుకోకపోవడానికి కారణం తోటలో కనబడుతుంది. ఇక్కడ కాఫీ ఒంటరిగా పెరగదు. నీడ చెట్లు, ఆల్‌స్పైస్, నారింజ, అరటి అన్నీ కలిసే ఉంటాయి. ఆ పూలన్నిటి మీదా ఈ ఈగలు తిరుగుతాయి. మందులు కొడితే ముందు చచ్చేవీ ఇవే. చూరు కింద కుండలున్న రైతు పురుగుమందు డబ్బా పట్టడానికి వెనకాడతాడు. తేనె ధర కన్నా నాకు ఇదే ఎక్కువ విలువైనదనిపిస్తుంది.

ఈ తేనెను అమ్మిపెట్టే సంఘం కూడా ఈ రైతులదే. 1977లో వాళ్లు పంచదార ధర భరించలేక ఏకమై కొనుక్కోవడం మొదలుపెట్టారు. అలా పుట్టినదే తొసెపాన్ తితతానిస్కే సహకార సంఘం. 1989లో అంతర్జాతీయ కాఫీ ఒప్పందం కూలి ధరలు పడిపోయాయి, అదే డిసెంబరులో మంచు కురిసి తోటలు మాడాయి. ఒక్క పంటనే నమ్ముకోకూడదన్నది ఆ దెబ్బకు అందరికీ తలకెక్కింది. ఇప్పుడు సంఘం కాఫీ, ఆల్‌స్పైస్‌లతో పాటు ఈ తేనెనూ, దానితో చేసిన సబ్బులనూ అమ్ముతుంది. అరకులో నీడ కాఫీ పండించే మన గిరిజన రైతులకు ఈ లెక్క చెప్పనక్కర్లేదు. కుట్టని ఈగలు మన పాత గోడల బీటల్లోనూ ఉన్నాయి, పట్టించుకునేవాళ్లే తక్కువ.

క్వెట్‌సాలాన్ వెళ్తే ఒక చిన్న సీసా కొనండి. పల్చగా, పుల్లగా ఉందని కల్తీ అనుకోకండి, ఆ తేనె తీరే అంత. తేమ ఎక్కువ కాబట్టి త్వరగా పులుస్తుంది. ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో పెట్టండి.