గోడలో దాగిన దూలం కొస

పోయిన నెల ప్యాపిలిలో మా జేజినాయన కట్టించిన మిద్దె విప్పించాం. మట్టి మిద్దెను మా వైపు కూల్చరు, విప్పుతారు. ముందు పైనున్న చౌడు ఎత్తిపోస్తారు. తర్వాత మట్టి, ఆకు, సన్నకట్టెలు, దంతెలు ఒక్కొక్కటే దిగుతాయి. దూలం దిగేది అన్నిటికంటే చివర.

ఆ దూలాన్ని నలుగురు పట్టి కిందికి దించాక వడ్రంగి ఆచారి దాని పక్కన కూర్చుని వేలి కణుపుతో కొట్టి చూశాడు. ఉలితో గోరంత పెచ్చు లేపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "సూడప్పా, పైన మసి గానీ లోపల చేవ ఎట్లుందో! ఇట్లాంటి మాను ఇప్పుడు యాడ దొరుకుతాది?" అన్నాడు. మసి కింద కట్టె ముదురు గోధుమరంగులో మెరిసింది. నాకైతే గొంతు పట్టేసినట్టయింది. పదేళ్ల కింద నేను కొత్త ఇంటికి ఒక డిపోలో కొన్న ద్వారబంధాలు మూడేళ్లకే చెదలు పట్టాయి. చేవ ఏదో, దానిమీది తెల్లటి భాగం ఏదో గుర్తుపట్టడం తెలియక మోసపోయాను. ఆ రోజునుంచే కట్టెను చూడటం నేర్చుకుంటున్నాను, ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను.

ప్యాపిలి గుట్టల్లో వేప, తుమ్మ, చింత పెరుగుతాయి. పదహారడుగులు వంకర లేకుండా సాగే మాను కావాలంటే నల్లమల అడవే దిక్కు. టేకు, నల్లమద్ది, నారేపి, ఏగిస అన్నీ ఆ అడవివే. బండెడ్లు లాగిన బరువు మన మిద్దెల మీద నిలబడింది. 1880ల్లో నంద్యాల నుంచి గిద్దలూరు వైపు నల్లమలను తొలుచుకుంటూ రైలుదారి వేశారు. అది అడవికి కొత్త తలుపు. అదే దశాబ్దంలో, 1882లో, మద్రాసు అటవీ చట్టం వచ్చి అడవి సర్కారు చేతికి పోయింది. ఆ తర్వాత కలప వ్యాపారమంటే కూపును, అంటే నరకడానికి విడదీసిన అడవి ముక్కను, వేలంలో పాడుకోవడం, కూలీలతో కొట్టించడం, ముద్ర వేయించుకుని అనుమతి చీటీతో బండి కదిలించడం.

ఆ కాలంలోనే అమెరికా నడిమి రాష్ట్రాల్లో ఇదే వ్యాపారం ఇంకో రకంగా నడిచింది. జర్మనీలో 1834లో పుట్టిన ఫ్రెడరిక్ వేయర్‌హాయిజర్ పదిహేడేళ్ల వయసులో అమెరికా చేరాడు. 1860లో ఇల్లినాయిస్‌లోని రాక్ ఐలాండ్‌లో తోడల్లుడితో కలిసి ఒక రంపపు మిల్లు కొన్నాడు. విస్కాన్సిన్ పైన్ మానులను చలికాలంలో కొట్టి, మంచు కరిగే కాలంలో నదిలో వదిలేవాళ్లు. ఎవరి మానో తెలియడానికి కొసన సుత్తితో గుర్తు కొట్టేవాళ్లు. కొట్టగా మిగిలిన కొమ్మారెమ్మలు అడవిలోనే ఎండిపోయేవి. 1871 అక్టోబరు 8 రాత్రి అక్కడి పెష్టిగో అనే కలప ఊరును ఆ ఎండుకట్టె తోడైన మంటలు చుట్టుముట్టాయి. ఆ ఊళ్లోనూ చుట్టుపక్కలా వెయ్యిమందికి పైగా చనిపోయారు. పైన్ తరిగిపోతుంటే వేయర్‌హాయిజర్ పడమరకు కదిలి 1900లో వాషింగ్టన్ రాష్ట్రంలో 9 లక్షల ఎకరాల అడవి కొన్నాడు. ఆయన జీవితం పుస్తకాలకెక్కింది.

మా మిద్దెకు దూలం తెచ్చినవాడు ఏ పుస్తకంలోనూ లేడు. మాను కొట్టినవాడు, బండి తోలినవాడు, లెక్క కట్టినవాడు, వీళ్లెవరి పేరూ మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇది నన్ను చాలా బాధపెడుతోంది. వాళ్ల తెలివి తక్కువది కాదు. గుండ్రటి మానుకు చుట్టుకొలత తీసి, దాన్ని నాలుగో వంతు చేసి, ఆ వంతును దానితోనే హెచ్చించి, పొడవుతో గుణిస్తే ఘనపుటడుగులు వస్తాయి. నాలుగడుగుల చుట్టు, పదహారడుగుల పొడవు ఉన్న మాను ఈ లెక్కన 16 ఘనపుటడుగులు. నిజానికి అందులో 20కి పైనే ఉంటుంది. ఆ తేడా బెరడుకు, పలకలుగా చెక్కేటప్పుడు రాలే పెచ్చులకు వదిలిన పాలు. చేతికి రాని కట్టెకు కొన్నవాడు డబ్బు కట్టకూడదన్న న్యాయం ఆ లెక్కలోనే ఉంది. బడి మొహం చూడనివాళ్లు కూడా దారంతో చుట్టుకొలత తీసి నోటితోనే ఈ లెక్క చెప్పేవాళ్లు.

అప్పటి నల్లమలలో పెద్ద భాగం ఇప్పుడు పులుల అభయారణ్యం. నరకడం ఆగింది, ఆగాల్సిందే. చెంచులు పుట్టి పెరిగిన అడవి మన దూలాల కోసం ఎంత తరిగిందో తలచుకుంటే, ఉన్న దూలాన్ని వృథా చేయడానికి మనసొప్పదు.

ఆచారి దూలాన్ని తిప్పించాడు. ఇన్నేళ్లూ గోడలో ఉన్న కొసకు మట్టి అంటుకుని ఉంది. తడిగుడ్డతో తుడిచాను. మధ్యలో ఒక గుంట, దాని పక్కన అరిగిపోయిన అక్షరం లాంటిది, సుత్తి దెబ్బకు పడ్డ గుర్తే. అది ఏ అక్షరమో ఇద్దరం ఎంత చూసినా తేల్చుకోలేకపోయాం.

"కోసి రెండు ద్వారబంధాలు చేద్దామా?" అన్నాడు ఆచారి.

"కొస మాత్రం కోయొద్దు ఆచారీ" అన్నాను. ఆయన సుద్దముక్క తీసి, ఆ గుర్తుకు అడుగు ఇవతల గీత గీశాడు.