పెడల్ స్విచ్ కాదు

పియానోలో మీట నొక్కితే రెండు పనులు జరుగుతాయి. హ్యామర్ తీగను కొడుతుంది. తీగ మీద ఆనుకుని ఉన్న ఫెల్ట్ దిమ్మె, అంటే డ్యాంపర్, పైకి లేస్తుంది. మీట వదిలితే డ్యాంపర్ మళ్లీ వాలి నాదాన్ని ఆపేస్తుంది. కుడికాలి కింది సస్టెయిన్ పెడల్ నొక్కితే డ్యాంపర్లన్నీ ఒకేసారి లేస్తాయి. అప్పుడు చేతులు తీసేసినా నాదం నిలుస్తుంది. 88 మీటల పియానోలో సుమారు 230 తీగలుంటాయి. వాటిని అడ్డుకునేది ఏదీ లేకపోవడంతో కొట్టని తీగలూ కొట్టినవాటికి స్పందిస్తాయి. సితార్‌లో తరఫ్ తీగలు పలికేది ఈ సూత్రం మీదే.

ఈ పెడల్ చుట్టూ రెండు శతాబ్దాలకు పైగా ఒక విద్య పెరిగింది. 1801 నాటి ‘మూన్‌లైట్’ సొనాటాలో మొదటి భాగమంతా డ్యాంపర్లు లేపి వాయించమన్నాడు బీతోవెన్. ఆనాటి పియానోల్లో నాదం త్వరగా తగ్గిపోయేది కనుక అది చెల్లింది. నేటి గ్రాండ్ పియానో మీద అలాగే చేస్తే స్వరాలు కలగాపులగమవుతాయి. అందుకే ఇప్పటి వాద్యకారులు చాలామంది సగం పెడల్‌ను ఆశ్రయిస్తారు. డ్యాంపర్లు తీగలను అంటీ అంటనట్టు తాకే చోట కాలు ఆపుతారు. మంద్ర స్థాయి తీగలు పొడవైనవి, బరువైనవి కాబట్టి వాటి నాదం కొంత మిగులుతుంది. పై స్థాయి స్వరాలు త్వరగా ఆగిపోతాయి. కింద బేస్ నిలుస్తుంది, పైన స్వరాలు స్పష్టంగా ఉంటాయి.

కంప్యూటర్‌లోని పియానో ఈ విద్యను అందుకోగలిగిందా? వాద్యాలు, కంప్యూటర్లు సంకేతాలు పంపుకునేందుకు 1983లో వచ్చిన మిడి పద్ధతిలో పెడల్ సంకేతం సంఖ్య 64. దాని విలువ 0 నుంచి 127 దాకా ఉంటుంది. పాత అలవాటు ప్రకారం 63 వరకు వదిలినట్టు, 64 నుంచి నొక్కినట్టు. అంత విస్తృతిలో మిగిలింది రెండే స్థితులు. చవక పెడళ్లు పంపేది కూడా ఆ రెండే.

శాంపిల్స్‌తో, అంటే ముందే రికార్డు చేసిన స్వరాలతో, చేసిన పియానోల్లో పెడల్ నొక్కి ఒక్కో స్వరాన్ని విడిగా రికార్డు చేయడం ఒక పద్ధతి. దాని పరిమితి కార్డ్, అంటే కొన్ని స్వరాలు కలిపి, వాయించినప్పుడు తెలుస్తుంది. మూడు స్వరాల ప్రతిధ్వనులను కలిపినంత మాత్రాన, ఒకే పియానోలో మూడు స్వరాల తీగలు ఒకదాన్నొకటి కదిలించిన ఫలితం రాదు. కాలు ఆగే ప్రతి ఎత్తునూ రికార్డు చేయడమూ కుదరని పని. ఫ్రాన్స్‌కు చెందిన మోడార్ట్ సంస్థ 2006లో తెచ్చిన ‘పియానోటెక్’ మరో దారి పట్టింది. అది రికార్డింగులను వినిపించదు. తీగల కంపనాన్ని అప్పటికప్పుడు లెక్కగట్టి నాదం పుట్టిస్తుంది. కాబట్టి పెడల్ ఏ ఎత్తులో ఉన్నా ఆ ఎత్తుకు తగిన నాదాన్ని లెక్కించగలదు.

ఏ సాఫ్ట్‌వేర్‌నైనా మూడు పరీక్షలతో తూచవచ్చు. మంద్ర స్థాయిలో ఒక ‘సి’ మీటను చప్పుడు రాకుండా నొక్కి పట్టి, దానికి పై ‘సి’ని పొట్టిగా కొట్టండి. చేయి తీశాక కింది తీగలోంచి పై స్వరం సన్నగా వినిపించాలి. రెండోది: బేస్‌లో ఒక కార్డ్ గట్టిగా కొట్టి వదిలి, నాదం పూర్తిగా ఆరకముందే పెడల్ నొక్కండి. మిగిలిన నాదం నిలవాలి. మూడోది: కార్డ్ మోగుతుండగా పెడల్‌ను మెల్లగా వదలండి. నాదం కొద్దికొద్దిగా సన్నగిల్లాలి, మంద్రం ఆఖరున ఆగాలి. ఒక్కసారిగా తెగితే సాఫ్ట్‌వేర్‌ను తప్పుపట్టే ముందు మీ పెడల్‌ను చూడండి. స్విచ్ పెడల్‌తో ఎంత మంచి సాఫ్ట్‌వేర్ అయినా సగం పెడల్‌ను వినిపించలేదు.

మన ఇళ్లలో పియానో నేర్చుకునే పిల్లల్లో చాలామందికి దొరికేది డిజిటల్ వాద్యమే. అది కొనేటప్పుడు మీటల బరువు గురించి అడిగినట్టే, పెడల్ మధ్య స్థితులను పంపుతుందా అని కూడా అడగండి. స్విచ్ మీద నేర్చిన కాలికి నొక్కడం, వదలడం మాత్రమే తెలుస్తాయి. ఆ రెంటి మధ్య ఉన్న విద్యను పిల్లలకు మొదటినుంచీ అందనివ్వండి.