మారేడుకొమ్ములు – కణజాల వర్ధనము

నల్లమలయందును శేషాచలమందును బండరాళ్ల సందులలో వేరూని పొదలపై ప్రాకెడి మారేడుకొమ్ముల తీగను ఎరిగినవారికి దాని గడ్డ పరిమళమును వర్ణించి చెప్పనక్కరలేదు. రాయలసీమలో మండువేసవిని దాహము తీర్చు నన్నారి షర్బత్తులో ఈ వేరును వాడుట కలదు. అరవదేశమున దీనినే పెరుగులో ఊరవేసి నిలువ పచ్చడిగా భుజింతురు. గడ్డలను ఎంతకాలము దాచినను పురుగు పట్టకుండుట పెద్దలు గమనించిన విశేషము. ఆ పరిమళమునకు మూలమై, సూక్ష్మజీవుల పెరుగుదలను అరికట్టు గుణము గలది 2-హైడ్రాక్సీ-4-మెథాక్సీ బెంజాల్డిహైడు అను ద్రవ్యము. వెనిలిన్‌లోని పరమాణువులే దీనియందును ఉండి, అమరిక మాత్రము భిన్నమైనది.

అయితే వలసినది వేరుగడ్డయే గనుక, తీగను సమూలముగ త్రవ్వినగాని ప్రయోజనము సిద్ధింపదు. అడవి ఆ త్రవ్వకపు వేగమునకు తాళజాలక, ఈ తీగ అంతరించు ప్రమాదమున్న మొక్కలలో చేరినది. ఇట్టి తరుణమున మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో శాస్త్రజ్ఞులు దీనిని కణజాల వర్ధనముచే పెంచుటకు చేసిన కృషి శ్లాఘనీయము.

మొక్కయందలి ఒక్కొక్క జీవకణమునకును పూర్ణమైన మొక్కగా ఎదుగు శక్తి కలదని 1902లో హేబర్‌లాంట్ అను శాస్త్రజ్ఞుడు చేసిన ఊహయే ఈ విద్యకు పునాది. లేత కొమ్మనుండి మొగ్గతో కూడిన కణుపుముక్కను కోసి, ధారనీట కడిగి, క్రిమిసంహారక ద్రావణమున కొన్ని నిమిషములు ముంచి, శుద్ధజలముతో మరల మరల ప్రక్షాళించి, 121 డిగ్రీల ఆవిరిలో శుద్ధిచేసిన పోషకపు జెల్లీపై నాటుదురు. 1962లో మురాషిగె, స్కూగ్ అనువారు కూర్చిన లవణములకు లీటరుకు 30 గ్రాముల చక్కెర చేర్చుట వాడుక. ఇందు కలుపు పెరుగుదల హార్మోనులలో సైటోకైనిన్ పాలు హెచ్చైన పిలకలును, ఆక్సిన్ పాలు హెచ్చైన వేళ్లును పుట్టును. సీసాలోని చెమ్మకు అలవడిన ఆకులపై మైనపుపొర పలుచనగుటచేత, బయటి ఎండగాలికి అవి వెంటనే వాడును. కావున నీడలో, తేమలో కొన్నివారములు ఓర్పు నేర్పినపిదపనే పొలమున నాటవలెను.

ఔషధగుణ పరీక్షయు ఇంత శ్రద్ధనే కోరును. సూక్ష్మజీవులను పరచిన పళ్లెములో చిన్నగుంటలు చేసి, వేరుసారమును ఒకదానను, సారము తీయుటకు వాడిన ద్రావకమును మాత్రము వేరొకదానను పోసి, చుట్టును ఏర్పడిన నిర్జీవవలయమును మిల్లీమీటర్లలో కొలుతురు. పళ్లెములోని వలయము రోగి దేహమున స్వస్థత యని భ్రమింపరాదు. సీసాలో పుట్టిన మొక్క యొక్క లేతవేరు ముదిరిన గడ్డతో సమానమనియు కొలువక నమ్మరాదు.

ఈ నియమమును పాటించి, పరీక్షకు నిలిచిన మొక్కలను కొండవాలు రైతులకు అందించిననాడు, గడ్డకొరకు అడవిని పెకలింపవలసిన పని తగ్గును. అటవీశాఖవారును, వ్యవసాయ విశ్వవిద్యాలయములవారును ఈ కార్యమునకు పూనుకొనవలెను. నన్నారి సేవించు మనమును తోటలో పెరిగిన గడ్డనే కోరి కొనవలెను.