గోటికి తగిలే గీత

పాత బుల్లెట్ కొనడానికి వచ్చినవాళ్ల చూపు ముందుగా ట్యాంకు మీదే పడుతుంది. అది నల్లగా నిగనిగలాడిందా, చెయ్యి జేబులోకి పోతుంది. అట్లా ఒకసారి నా చెయ్యీ పోయింది. ఇంటికొచ్చాక ఒక వానాకాలం గడిచేసరికి ఆ నిగనిగ కింద పొక్కులు లేచి, లప్పం పెచ్చులు పెచ్చులుగా ఊడింది. అప్పుడే నల్గొండలో ఒక ఉస్తాద్ దగ్గరికి పోవడం అలవాటైంది. రేకుల షెడ్డు, నాలుగు స్పానర్లు, నూనె మరకల లుంగీ. ఆయన ట్యాంకు వైపు చూడనైనా చూడడు.

"అందరూ చూసేది అదేనని అందరూ దాన్నే సింగారిస్తరు సార్. ముందుగాల సీటు తియ్యుండ్రి" అంటాడు.

ఈ బండికి ఇక్కడ మర్యాద ఎక్కువ. మన సైన్యం కోసం ఇంగ్లండు నుంచి వచ్చిన బుల్లెట్, 1955లో మద్రాస్ మోటార్స్ అక్కడి రెడ్డిచ్‌లోని రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీతో చెయ్యి కలిపాక మద్రాసు బండి అయింది. 1962 నాటికి తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో విడిభాగాలతో సహా ఇక్కడే తయారైంది. బుల్లెట్ మద్రాసు బండి అయిన ఆ 1955లోనే, డిసెంబరు 10న, మా వైపు నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద వడ్లు పండి, మిర్యాలగూడలో రైస్ మిల్లులు లేచాక మిల్లు గేటు ముందు బుల్లెట్ నిలబడితే అదొక హోదా. పాలమూరు వైపు కాంట్రాక్టర్ల ఇళ్ల ముందూ అంతే. దశాబ్దాల పాటు దీని రూపురేఖలు పెద్దగా మారలేదు. ఆ కాలపు బళ్లలో ఏ ఏడు బండి భాగమైనా ఇంకో ఏడు బండికి దాదాపు పట్టేస్తుంది. అందుకే దాని అసలు కథ ఇంజనులో కంటే రంగులో దొరుకుతుంది.

మొన్న ఆయన ముందుకు వచ్చింది దేవరకొండ వైపు నుంచి తెచ్చిన నల్ల బుల్లెట్. సీటు తీశాం. సీటు అంచు ఆనిన చోట ట్యాంకు మీద ఒక హద్దు కనబడాలి. ఎండ తగలని లోపలి భాగం చిక్కటి నలుపు, బయటి భాగం కాస్త వెలిసిన నలుపు. ఈ బండికి ఆ హద్దు లేదు, అంతా ఒకటే రంగు. మన ఎండలో నలభై ఏళ్లు తిరిగిన బండికి అంతటా ఒకే నలుపు ఉండడమే మొదటి అనుమానం.

తర్వాత ట్యాంకు విప్పి బోర్లా పెట్టాడు. పోచంపల్లి చీర కొనే ఆడవాళ్లు కొంగు తిరగేసి చూస్తారు కదా. నూలుకు ముందే రంగు అద్ది నేసిన చీరకు వెనకా ముందూ ఒకటే, అచ్చు వేసినదానికి వెనక వెలవెల. బండికీ అదే పరీక్ష. ఫ్యాక్టరీ రంగు ట్యాంకు పొట్ట కింద కూడా పట్టి ఉంటుంది. దాని మీద మన చెల్కల ఎర్రదుమ్ము నూనెతో కలిసి గట్టిగా అట్టకడుతుంది. ఆ అట్టను పుల్లతో గీకితే కింద రంగు గాజులాగా బయటపడాలి. ఇక్కడ మాత్రం అంచుల దగ్గర స్ప్రే తుంపర్లు చల్లినట్టున్నాయి, నడుమ జంగు. పక్కనే వైరింగు తొడుగు మీద, రబ్బరు వాషరు మీద కూడా సన్నటి నల్ల పొగమంచు. ఫ్యాక్టరీలో రంగు వేసి, కాల్చి, ఆ తర్వాతే వైర్లూ రబ్బర్లూ బిగిస్తారు. వాటికి రంగు అంటిందంటే బండి బిగించి ఉండగానే ఎవరో స్ప్రే కొట్టారన్నమాట.

మిగతా పరీక్షలు చిన్నవే. బట్టలో చుట్టిన అయస్కాంతాన్ని జరుపుకుంటూ పోతే లప్పం మందంగా ఉన్న చోట పట్టు సడలుతుంది. వేలి కణుపుతో తడితే ఖణేలుమనాల్సిన రేకు మొద్దుగా పలుకుతుంది. థిన్నరులో ముంచిన దూదితో కనబడని మూల రుద్దితే ఇంకో సంగతి తేలుతుంది. బట్టీలో కాల్చిన ఎనామిల్ అంత తేలికగా కదలదు. ఊళ్లో గాలికి ఆరిన ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) రంగు మాత్రం కరిగి దూదికి అంటుతుంది. మోనోగ్రాం స్క్రూలు విప్పితే ఒక్కోసారి కింద పాత రంగు దాక్కుని ఉంటుంది. అరుగుదల కూడా చోటెరిగి ఉండాలి. మోకాళ్లు ఒరుసుకునే పక్కలు, పెట్రోలు ఒలికి జారే మూత కింది దారి నునుపెక్కాలి. అరగాల్సిన చోట అరగకుండా, అరగనక్కర్లేని చోట అరిగిన బండి అబద్ధమాడుతున్నట్టే.

చివరికి బంగారు గీతల దగ్గరికి వచ్చాం. బుల్లెట్ ట్యాంకు మీద గీతలు చేత్తో గీసేవి. పొడుగు వెంట్రుకల మెత్తని కుంచె, ఎనామిల్ రంగు, స్కేలు లేని చెయ్యి. "కండ్లు మూసుకొని గోరు పెట్టుండ్రి" అన్నాడు ఉస్తాద్. గీత గోటికి సన్నని గట్టులా తగిలింది. స్టిక్కరైతే అంచు బ్లేడుతో కోసినట్టు, ఎక్కడ చూసినా ఒకే వెడల్పు. చేతి గీత మలుపులో వెంట్రుకవాసి లావెక్కుతుంది, మొదలు చివరను కలుసుకున్న చోట చిన్న బొడిపె ఉంటుంది. ఇక్కడ ఆ బొడిపె ఉంది. గీసింది మనిషే, కానీ ఫ్యాక్టరీ మనిషి కాదు. గీత కింద ఉన్నది ఊరి నలుపు కదా.

నేను పెదవి విరిచాను. ఉస్తాద్ మాత్రం ఆ గీతను చాలాసేపు చూశాడు. చిటికెన వేలు ట్యాంకు అంచుకు ఆనించి, దాన్నే కొలతగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి లాగిన గీత. వంపులో ఎక్కడా వణకలేదు. నంబరు ప్లేట్లు, దుకాణాల బోర్డులు రాసిన చెయ్యి అయి ఉంటుందని ఆయన అంచనా. మళ్లీ రంగు వేయడం మోసం కాదు, అట్లా వేసిన సంగతి దాచి ఒరిజినల్ అని అమ్మడం మోసం. పాత వాహనాల ప్రేమికుల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా తన ట్యూరిన్ ఛార్టర్‌లో చెప్పేదీ ఇంతే: ఉన్నదాన్ని ముందు కాపాడుకో, చేసిన పనికి లెక్క రాసిపెట్టు.

ఈ బండికి ఆ లెక్క ఎవరూ రాసిపెట్టలేదనుకున్నాను. సామాను సర్దుతూ టూల్‌బాక్సు మూత తెరిస్తే లోపలి వైపు ఆరేడు బంగారు గీతలు, వేలెడంత పొడుగువి. మొదటివి లావు, తర్వాతవి సన్నం, చివరిది సరిగ్గా ట్యాంకు మీద ఉన్నంత. గీసే ముందు రంగు చిక్కదనం చూసుకున్న గుర్తులవి. నేను అలవాటుగా గుడ్డ అందుకున్నాను.

ఉస్తాద్ నా చెయ్యి పట్టుకున్నాడు. "ఉండనియ్యుండ్రి సార్. ఈ బండి మీద ఒరిజినల్ అంటే గదే."