‘ఆ పాప ఏమీ సేయదా?’ – వికీపీడియాలో ‘దొంగరాముడు’ కథ రాస్తూ...

తెలుగు వికీపీడియాలో ‘దొంగరాముడు’ సినిమా వ్యాసాన్ని పెంచి రాయాలని ముగ్గురం కలిసి పని మొదలుపెట్టాం. ఒకరు హైదరాబాదులో, ఒకరు అమెరికాలో, నేను చెన్నేకొత్తపల్లిలో. మిగతా ఇద్దరి ముఖాలూ నేనింతవరకు చూడలేదు. మా మాటలన్నీ ఆ వ్యాసం వెనక ఉండే చర్చ పేజీలోనే. ఒకరి దగ్గర పాత పాటల పుస్తకం ఉంది. ఇంకొకరు పాత పత్రికలు వెతికిపెట్టారు. సాహిత్యంలో డాక్టరేటు చేసినదాన్ని కనక కథాసంగ్రహం నా వంతుకు వచ్చింది. అన్నిటికన్నా తేలికైన పని నాకు దక్కిందనుకున్నాను.

1955 అక్టోబరు 1న విడుదలైన ‘దొంగరాముడు’ అన్నపూర్ణా పిక్చర్స్ వారి మొదటి సినిమా. దర్శకుడు కె.వి.రెడ్డి మా అనంతపురం ప్రాంతం మనిషి, తాడిపత్రి వైపువారు. 2022లో జిల్లా విడిపోయి మేము శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చినా ఆ ‘మా’ అనే మాట మాత్రం పోలేదు. అక్కినేని రాముడు, జమున అతని చెల్లెలు లక్ష్మి, సావిత్రి సీత. జబ్బుపడ్డ తల్లికి మందుల కోసం చిన్నతనంలోనే దొంగతనం చేసి రాముడు బాలనేరస్తుల బడికి పోతాడు. తల్లి చనిపోతుంది. చెల్లెలు అనాథాశ్రమంలో పెరుగుతుంది. పెద్దవాడై ఆ చెల్లెలి చదువు కోసం మళ్ళీ దొంగతనం చేస్తాడు. మళ్ళీ జైలు. దొంగ చెల్లెలన్న మాట ఆమె మీద పడుతుంది.

సినిమా రెండుసార్లు చూసి, కాగితం మీద గుర్తులు రాసుకుని, ఒక రాత్రి కథాసంగ్రహం పూర్తిచేశాను. మర్నాడు మా ఇంటి పక్కన ఉండే అవ్వకు చదివి వినిపించాను. ఆమె ఈ సినిమాను పెళ్ళయిన కొత్తలో డేరా సినిమాలో, ఆడవాళ్ళ వైపు నేల మీద కూర్చుని చూసింది. చెనిక్కాయలు ఒలుస్తూ అంతా విని, “ఏమ్మే, చేర్చినారు, పంపించినారు, పెండ్లయింది అంటాండావు. అన్నీ ఆ పాపకు అయితాండాయే గానీ, ఆ పాప ఏమీ సేయదా?” అంది.

లోపలికొచ్చి నా రాత నేనే మళ్ళీ చదువుకున్నాను. రాముడికి సంబంధించిన క్రియలన్నీ అతను చేసేవే: దొంగిలిస్తాడు, పారిపోతాడు, వెతుకుతాడు, కాపాడతాడు. లక్ష్మి మాత్రం ‘చేర్చబడుతుంది’, ‘గెంటివేయబడుతుంది’. ఆమెకు డాక్టరుతో ‘వివాహం జరుగుతుంది’. సీత సంగతి మరీ అన్యాయం. ఆమె పేరు ‘రాముడు ప్రేమించిన’ అన్న విశేషణం లేకుండా ఒక్కసారి కూడా రాలేదు. స్త్రీ పాత్రల చిత్రణ మీద వ్యాసాలు రాసి, సెమినార్లలో మాట్లాడి వచ్చిన మనిషిని రాసిన కథ ఇది. నన్నెవరూ ఇలా రాయమనలేదు. మామూలుగా, తటస్థంగా రాద్దామనుకుంటే నా చెయ్యి దానంతటది రాసిన వాక్యాలవి. మామూలు భాష అనుకునేది ఎవరి భాషో నాకు అంత దగ్గరగా ఎప్పుడూ కనపడలేదు.

సిగ్గుతో పాటు ఉత్సాహమూ వచ్చింది. వెంటనే ఒక పేరా చేర్చాను. రాముడి రెండు దొంగతనాలూ స్త్రీల పేరు మీదే జరుగుతాయి, ఒకటి తల్లి మందు కోసం, ఒకటి చెల్లెలి చదువు కోసం. ఆ ఇద్దరిలో ఎవరూ అతన్ని దొంగతనం చెయ్యమని అడగలేదు. జైలుశిక్ష అతనిది, అవమానం ఆమెది. 1951 నాటి ‘ఆవారా’లోనూ తల్లి కష్టమే కొడుకును దొంగను చేస్తుంది. మన నేరకథా చిత్రాలు స్త్రీని నేరానికి సాకుగానూ, దాని జరిమానా కట్టేదిగానూ వాడుకుంటాయి. కాబట్టి ఇది దొంగ కథ కాదు, దొంగ చెల్లెలి కథ. ఇదీ నా పేరా.

సాయంత్రానికి ఆ పేరా లేదు. మాలో ఒకరు దాన్ని తీసేసి చర్చ పేజీలో ఒకే ప్రశ్న రాశారు: “ఇది ఎవరన్నారు?” నేనన్నానంటే చెల్లదు. వికీపీడియాలో రచయిత సొంత విశ్లేషణకు చోటు లేదు, వేరెక్కడో అచ్చయిన ఆధారం చూపాలి. నాకు బాగా కోపం వచ్చింది. పితృస్వామ్యం మీద మాట పడగానే నియమాలు గుర్తొస్తాయా అని రాయబోయి ఆగాను. ఎందుకంటే ఆ నియమం నాకూ కావాలి. రేపెవరో వచ్చి ఇది ఆదర్శ సోదరి త్యాగగాథ అని రాస్తే నేనడిగే ప్రశ్నా అదే: ఎవరన్నారు?

కానీ ఇక్కడ ఒక తిరకాసు ఉంది. విశ్లేషణకు ఆధారం కావాలి గానీ కథాసంగ్రహానికి అక్కర్లేదు, సినిమాయే దానికి ఆధారం. అందుకే అక్కడి వాక్యాలను ఎవరూ ప్రశ్నించరు. మొత్తం సినిమాను నాలుగు పేరాల్లోకి కుదించేటప్పుడు ఏది ఉంచాలి, ఏది వదిలెయ్యాలి, ఏ వాక్యానికి ఎవరు కర్త అన్నవన్నీ తీర్పులే. పాత పాటల పుస్తకాల్లో కథ సగంలో ఆపి మిగతాది వెండితెరపై చూడమనేవారు. ఆ చెప్పిన సగం కూడా ఎక్కువగా నాయకుడి కథే. ఆ అలవాటే పత్రికల్లోకి, అక్కడినుంచి మా చేతుల్లోకీ వచ్చింది.

అందుకని వాదన వదిలి క్రియలు మార్చాం. సినిమాలో కనపడనిది ఒక్కటీ చేర్చలేదు. లక్ష్మి చదువుకుంటుంది, అన్న చేసిన పనికి తను నింద భరిస్తుంది, డాక్టరును పెళ్ళి చేసుకుంటుంది. సీత రాముణ్ణి తన ఇంటికి తానే పిలుస్తుంది. జిక్కి పాడిన ఆ పాట ఊరూరా తెలిసిందే, అయినా నా మొదటి చిత్తులో పిలిచిన మనిషి లేదు. ఈ వాక్యాలను ఎవరూ తీసెయ్యలేదు, తీసెయ్యడానికి కారణం లేదు కూడా. తటస్థంగా ఉండాలన్న నియమం నాకు అడ్డం రాలేదు. అడ్డం వచ్చింది నా అలవాటే.

ఆధారం అడిగే పద్ధతి మనకు మేలు చేసిన సందర్భమూ ఒకటుంది. ‘అన్నపూర్ణ’ అంటే నాగేశ్వరరావుగారి భార్య అని చాలామందిలాగే నేనూ అనుకున్నాను. 1951లో ఆ సంస్థను స్థాపించిన దుక్కిపాటి మధుసూదనరావు దానికి పెట్టింది తనను పెంచిన సవతితల్లి పేరు. ఆమె పేరూ అన్నపూర్ణే. సవతితల్లి అనగానే మన కథలన్నీ ఒక్క మూసలో పోతాయి. ఇక్కడ ఒక సవతితల్లి పెంపకానికి దక్కిన కృతజ్ఞత తెర మీద మొదటి అక్షరాలుగా పడింది. ఎవరు, ఎక్కడ చెప్పారు అని అడగబట్టే ఆ రెండో స్త్రీ బయటికొచ్చింది.

మరి అవ్వ? వ్యాసాన్ని మార్చింది ఆమె ప్రశ్న. అయినా ఆమె మాట ఆ వ్యాసంలో ఆధారంగా నిలవదు, అది అచ్చులో లేదు కనక. ఆడవాళ్ళు నేల మీద కూర్చుని చూసిన సినిమాల గురించి వాళ్ళేమనుకున్నారో రాసి అచ్చువేసినవాళ్ళు తక్కువ. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా ఎంత తెరిచి ఉన్నా, అచ్చులో లేని మాటను తనంతట తాను పుట్టించలేదు. రాసేవాళ్ళలోనూ మనం తక్కువే. వికీమీడియా ఫౌండేషన్, ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయానికి చెందిన ఒక సంస్థతో కలిసి 2008లో వివిధ భాషల్లో జరిపిన సర్వేలో స్త్రీలు 13 శాతానికి మించలేదు.

కాబట్టి మనకు రెండు పనులున్నాయి. ఒకటి, ఇలాంటి పత్రికల్లో రాయడం. నేను తీయించుకున్న ఆ పేరా ఇప్పుడు ఇక్కడ అచ్చవుతోంది. ఇకమీదట ఎవరైనా “ఎవరన్నారు?” అంటే చూపడానికి ఒక పేజీ ఉంటుంది. దాన్ని నేను కాక వేరొకరు చూపితే మర్యాదగా ఉంటుంది. రెండోది, వాక్యాల దగ్గర కాపలా కాయడం. వికీపీడియాలో ఏ వాక్యమూ శాశ్వతం కాదు. లక్ష్మి మళ్ళీ ఎప్పుడైనా ‘చేర్చబడవచ్చు’. ఆ పేజీని నా వీక్షణ జాబితాలో పెట్టుకున్నాను. మీరూ పెట్టుకోండి.